లోకాన్ని చూసే తీరు మార్చిన సారు, మేడం, ఉస్తాద్: మీకెవరైనా ఉన్నారా? (పాలమూరు, నల్లగొండ సభ్యులకు)

కోయిల్‌సాగర్ (దేవరకద్ర వైపు, ప్రస్తుతం హైదరాబాద్)
సెప్టెంబర్ 3, రాత్రి 9:40

ఎల్లుండి టీచర్స్ డే. రేపటి నుంచే వాట్సాప్ నిండా పూలగుత్తులు, గురుబ్రహ్మ శ్లోకాలు. వాటితో నాకు పేచీ లేదు. ఇక్కడ అడిగేది వేరే. మార్కులు తెప్పించిన సార్లు అందరికీ ఉంటారు. మన ఊరిని, మన ఇంటిని, మనల్ని మనం చూసుకునే తీరే మార్చేసిన మనిషి ఎవరైనా తగిలారా? "చాలా మంచివారు, క్రమశిక్షణ గలవారు" అని సన్మానపత్రం రాయకండి. ఆ మనిషి ఏం పని చేశారో అది రాయండి.

ముందు నా సంగతి. మా చిన్నప్పుడు దసరా దాటితే మా బడి సగం ఖాళీ. అమ్మానాన్నలు బొంబాయికో, పుణెకో పోతే పిల్లలూ వెంట పోయేవాళ్లు. ముసలోళ్ల దగ్గర వదిలేసిన మాలాంటి వాళ్లం మిగిలేవాళ్లం. పండక్కి ముందే కూలీలను పనికి తీసుకుపోయే గుంపుమేస్త్రీ ఊళ్లోకి దిగి అడ్వాన్సులు ఇచ్చిపోయేవాడు. ఆ డబ్బు పాత అప్పుకి పోయేది, కొత్త అప్పు మొదలయ్యేది. "మన రాత గింతే" అనేది మా నాయనమ్మ. నేనైతే ఇంకో అడుగు ముందుకేసి, మా నాన్న చేతకానివాడు కాబట్టే బొంబాయి పోతున్నాడని అనుకునేవాణ్ణి.

9వ తరగతిలో కొత్త సోషల్ సారు వచ్చారు. వచ్చిన నెలకే ఒక పొడవాటి నోటుబుక్కు తెచ్చి గీతలు కొట్టించారు. ఇంటి నుంచి ఎంతమంది పోయారు, ఎక్కడికి, ఏం పని, ఏ నెలలో పోయి ఏ నెలలో వచ్చారు, అడ్వాన్సు ఎంత, వడ్డీ ఎంత. ఊళ్లో తిరిగి నింపమన్నారు. తర్వాత బోర్డు మీద లెక్క. ఇరవై వేల అడ్వాన్సు, నూటికి మూడు రూపాయల వడ్డీ. నెలకు 600. పది నెలలకు 6,000. "ఏడాదికి నూటికి 36 పడింది. బ్యాంకులో పంట రుణానికి నూటికి 7. మిగతా 29 ఎవరికి పోతుంది?" అని అడిగి బెల్లు కొట్టేదాకా ఏం మాట్లాడలేదు.

మరుసటి వారం చట్టాల సంగతి చెప్పారు. 1976లో వెట్టి రద్దు చట్టం వచ్చింది. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. దాని ప్రకారం కూలీలను తీసుకుపోయే వాడికి లైసెన్సు ఉండాలి, కూలీకి పాస్‌బుక్ ఇవ్వాలి, రానుపోను చార్జీలు ఇవ్వాలి. మళ్లీ ఊళ్లోకి పంపి పాస్‌బుక్ ఎవరి దగ్గరైనా ఉందేమో కనుక్కోమన్నారు. ఒక్కరి దగ్గరా లేదు.

సంక్రాంతికి నాన్న వచ్చినప్పుడు మొదటిసారి ఆయన్ని సరిగ్గా చూశాను. చేతకానివాడు నూటికి 36 కట్టుకుంటూ నలుగురు పిల్లల్ని సాకలేడు. అంతకుముందు నాకు ఆ లెక్క రాదు, అంతే.

ఇప్పుడు మీరు.

---

బోరింగు నీళ్లు (మర్రిగూడ మండలం)
సెప్టెంబర్ 3, రాత్రి 10:25

బాగా మొదలుపెట్టావు తమ్ముడూ. నాది కూడా లెక్కే, కాకపోతే సైన్సు.

మా వైపు పళ్ల మీద పసుపు, గోధుమ రంగు చారలు ఎవరికీ వింత కాదు. ముప్పై ఏళ్లకే నడుము వంగినవాళ్లు, కాళ్లు దొడ్డి తిరిగిన పిల్లలు ప్రతి ఊళ్లో ఉండేవాళ్లు. ఆడపిల్లలం నవ్వొస్తే చున్నీ అడ్డం పెట్టుకోవడం ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాం. ఊరి పేరు చెప్తే పెళ్లి సంబంధాలు వెనక్కి పోయేవి. పెద్దవాళ్లు పాపం అనేవాళ్లు, శాపం అనేవాళ్లు.

మా సైన్సు మేడం ఫ్లోరోసిస్ పాఠాన్ని పుస్తకం మూసి చెప్పింది. నేల అడుగున రాయిలో ఉన్న ఫ్లోరైడ్ బోరు నీళ్లలోకి దిగుతుంది, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్లతో మొదలై ఎముకలకు ఎక్కుతుంది అని. తర్వాత ఒక బకెట్ తెప్పించింది. సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక కలిపి ముందు గబగబా, తర్వాత మెల్లగా తిప్పించి, తేరనిచ్చి, పైనీళ్లు వడపోయించింది. దీని పేరే నల్లగొండ పద్ధతి అని, నాగపూర్‌లో ఉన్న నీరీ సంస్థ వాళ్లు తయారుచేశారని చెప్పింది. మేమంతా చప్పట్లు కొట్టాం, మన జిల్లా పేరు కదా.

ఆమె మాత్రం, "చప్పట్లు సరే. మన జిల్లా పేరుతో ఈ పద్ధతి బయటి దేశాల పుస్తకాల్లో కూడా ఉంది. మరి మీ ఇంట్లో బకెట్‌లో ఎందుకు లేదు?" అంది. ఒక్కొక్కరం ఒక్కో కారణం చెప్పాం. రోజూ చేయాలి, ఓపిక ఉండదు. పటిక ఎంత వేయాలో నీళ్లను బట్టి మారుతుంది, కొలిచేవాళ్లు లేరు. ఎక్కువైతే అదో ఇబ్బంది. అడుగున మిగిలిన మడ్డి ఎక్కడ పారబోయాలి? ఆమె అన్నీ బోర్డు మీద రాసింది. మంచి ఉపాయం ఉన్నంత మాత్రాన ఊరు బాగుపడదు, దాన్ని రోజూ ఎవరు చేస్తారన్నది ఎప్పుడూ అడగాలని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు ల్యాబ్‌లో పని చేస్తున్నా. కొత్త మిషన్ వచ్చిన ప్రతిసారీ నేను మొదట అడిగేది అదే, మా మేనేజర్‌కి నచ్చదు.

క్లాసు అయ్యాక ఆడపిల్లల్ని ఆపి, "చున్నీ తీసి నవ్వండి. చారలు రాయి వల్ల వచ్చాయి, మీ వల్ల కాదు" అంది. ఆమెవి మా కంటే ముదురు చారలు. ఆమెదీ మా పక్క ఊరే.

---

బత్తాయి తోట (నాంపల్లి, నల్లగొండ)
సెప్టెంబర్ 3, రాత్రి 10:41

అక్కా, చివరి ముక్క చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశా. మాదీ అదే నీళ్లు.

---

వెనక బెంచి (ఊరు చెప్పను)
సెప్టెంబర్ 4, ఉదయం 6:15

అందరూ దండలు వేస్తున్నారు కాబట్టి ఒకడైనా వేరే మాట అనాలి.

బడిలో నాకు పాతిక మంది దాకా టీచర్లు తగిలి ఉంటారు. ఒకరిద్దరు మంచివాళ్లు. మిగతా వాళ్ల గురించి ఈ చర్చలో ఎవరూ రాయరు. మా వాడ పిల్లలం వెనక వరుస. సార్లకు టీ తెచ్చేది మేమే, గ్లాసులు కడిగేది మేమే, లెక్క తప్పితే వేళ్ల మీద స్కేలు నిలబెట్టి కొట్టేదీ మమ్మల్నే. ముందు వరుస తప్పు చేస్తే "ఒరేయ్ బాబూ, మళ్లీ చెయ్యి". నా చూపు మార్చింది అంటే వాళ్లే మార్చారు. లోకంలో గ్లాసు ఎవరు కడుగుతారో పదేళ్లకే తెలిసింది.

"ఆ రోజుల్లో సార్లు కొట్టబట్టే బాగుపడ్డాం" అని ఎవరైనా రాయబోతుంటే ముందే చెప్తున్నా. కొట్టడం వల్ల బడి మానేసినవాళ్లు ఈ ఫోరంలో లేరు, అందుకే వాళ్ల మాట వినపడదు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్ని, మనసు నొప్పించేలా వేధించడాన్ని రెండింటినీ నిషేధించింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అంతకుముందు చదివినవాళ్లం మేం.

కోయిల్‌సాగర్, నిన్ను ఒకటి అడుగుతా, కోపం తెచ్చుకోకు. మీ సారు ఇంటింటి అప్పు పిల్లలతో రాయించాడు. ఎవరి నాన్న ఎంత అప్పులో ఉన్నాడో క్లాసంతా తెలుసుకుంటే ఆ పిల్లాడి గతేంటి? ఇది పాఠమా, పరువు తీయడమా?

---

నిర్వాహకుడు
సెప్టెంబర్ 4, ఉదయం 8:02

చర్చ బాగుంది, కానివ్వండి. ఒక్క మనవి. మంచిగా రాసినా చెడ్డగా రాసినా టీచర్ల పేర్లు, బడుల పేర్లు వద్దు. చరిత్రలో ఉన్న పెద్దల పేర్లు రాసుకోవచ్చు. ఒక పోస్టులో పేరు ఉంటే తీసేశాను.

---

కోయిల్‌సాగర్
సెప్టెంబర్ 4, ఉదయం 8:50

కోపమెందుకు అన్నా, అసలు ప్రశ్న అదే. ఊళ్లో కూడా అదే గొడవ జరిగింది.

పుస్తకంలో పేర్లు రాయలేదు. ఇళ్లకు నంబర్లు, ఆ నంబర్లు కూడా వరుసగా కాదు. చీటీల మీద రాసి డబ్బాలో వేసేవాళ్లం, సారు కలిపి పుస్తకంలోకి ఎక్కించేవారు. అయినా మా క్లాసులో ఒకడి నాన్న బడి మీదికి వచ్చాడు, మా ఇంటి గుట్టు మీకెందుకని. సారు పుస్తకం చేతికిచ్చి, ఇందులో మీ ఇల్లు ఏదో చూపించమన్నారు. ఆయనకు చదువు రాదు, కొడుకు చదివి వినిపించాడు. ఏ ఇల్లు తనదో ఆయనకూ తెలియలేదు. చల్లబడి వెళ్లిపోయాడు.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. వారం తర్వాత మేస్త్రీ మనుషులు హెడ్మాస్టర్‌ని కలిశారు. ఆ తర్వాత సారు అడ్వాన్సు, వడ్డీ గడులు రెండూ కొట్టేయించారు. భయపడ్డారని మేం అనుకున్నాం. చాలా ఏళ్ల తర్వాత అడిగితే, "భయం కొంత ఉంది. కానీ ఆ నాన్న వచ్చిన రోజే అనుకున్నాను, అప్పు లెక్క నేర్పడానికి నిజం ఇల్లు అక్కర్లేదని. బోర్డు మీద ఉత్తుత్తి ఇల్లు చాలు" అన్నారు. అంటే నువ్వడిగిన ప్రశ్నకు ఆయన సగం నీ వైపే.

---

నీలగిరి పెద్దాయన (నల్లగొండ, రిటైర్డ్)
సెప్టెంబర్ 4, మధ్యాహ్నం 12:30

పిల్లలూ, ఈ నోటుబుక్కు పద్ధతి కొత్తది కాదు. మన దగ్గర దీనికి వంద ఏళ్ల సంప్రదాయం ఉంది. కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపిక లేనివాళ్లు దాటేయండి.

నైజాం కాలంలో పై చదువు చాలావరకు ఉర్దూలో. తెలుగు అక్షరం కావాలంటే ఊరి పంతులు నడిపే ఖాన్గీ బడే దిక్కు. వాటికీ సర్కారు అనుమతి కావాలని ఆంక్షలు పెట్టారు. అలాంటి రోజుల్లో 1922లో ఈ నల్లగొండ నుంచే షబ్నవీసు వెంకటరామ నరసింహారావు గారు 'నీలగిరి' పత్రిక నడిపారు. నా పేరు అక్కడి నుంచి తీసుకున్నదే. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గారి గోలకొండ పత్రిక వచ్చింది. సురవరం మన పాలమూరు మనిషి, ఇటిక్యాలపాడు. హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ బాధ్యతలు చూస్తూ ఎంతమంది ఊరి పిల్లల్ని తీర్చిదిద్దారో! బడిలో పాఠం చెప్పిన మాస్టారు కాదు, హాస్టల్ పెద్ద. పిల్లల చూపు మారేది చాలాసార్లు క్లాసులో కాదు, సాయంత్రం హాస్టల్ వరండాలో.

తెలంగాణలో కవులే లేరని ఒకాయన రాశాడు. సురవరం తిట్టొచ్చు, సంపాదకీయాలతో దులిపేయొచ్చు. ఊరూరా ఉత్తరాలు రాసి, పద్యాలు తెప్పించి, 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చు వేశారు. 354 మంది కవులు. ఇంకేం మాట్లాడతాడు ఆ పెద్దమనిషి?

ఇది నాకు చెప్పింది మా తెలుగు పండితులు, అరవైల్లో. చెప్పి ఊరుకోలేదు. మన ఊళ్లో పాట కట్టేవాళ్లు, కథ చెప్పేవాళ్లు ఎంతమంది ఉన్నారో రాసుకురమ్మన్నారు. నేను ఒగ్గువాళ్ల దగ్గరికీ, చిందు భాగవతుల దగ్గరికీ పోయాను. మా ఇంట్లో అడగాలని మాత్రం తోచలేదు, ఎందుకంటే మా అమ్మకు వేలిముద్ర. పండితులే, "మీ అమ్మ బతుకమ్మ దగ్గర ఏం పాడుతుంది?" అని అడిగారు. రాయడం మొదలుపెడితే ఆమె పాటలతో రెండు నోటుబుక్కులు నిండాయి. చదువురాని మనిషి అన్న మాట ఆ తర్వాత నా నోట రాలేదు.

గురుశిష్యుల సంగతి ఇంకోటి. బూర్గుల రామకృష్ణారావు గారిది పాలమూరు మట్టే, హైదరాబాద్ రాష్ట్రానికి ముఖ్యమంత్రి. ఆయన దగ్గర జూనియర్ వకీలుగా పనిచేసిన కుర్రాడు పీవీ నరసింహారావు. ఆ పీవీ ముఖ్యమంత్రి అయ్యాక 1971లో మన సర్వేల్‌లో రాష్ట్రంలోనే మొదటి గురుకుల పాఠశాల పెట్టారు. హాస్టల్ వరండా సంగతి చెప్పాను కదా, అదే బడిగా మారింది అక్కడ. పేద పిల్లలు, టీచర్లు ఒకే ఆవరణలో ఉంటారు.

---

బత్తాయి తోట
సెప్టెంబర్ 4, మధ్యాహ్నం 1:05

పెద్దయ్యా, దండం. కానీ ఆ రెండు నోటుబుక్కులు ఇప్పుడెక్కడున్నాయి? ఉంటే ఫొటోలు పెట్టండి.

---

నీలగిరి పెద్దాయన
సెప్టెంబర్ 4, మధ్యాహ్నం 1:40

ఒకటి ఉంది. చెదలు కొంచెం తిన్నాయి. మనవరాలు స్కాన్ చేస్తానంది, దసరా సెలవులకు వస్తుంది.

---

12 నంబర్ పానా (నల్లగొండ, గడియారం సెంటర్ దగ్గర)
సెప్టెంబర్ 4, రాత్రి 9:10

నేను 7వ తరగతి ఫెయిల్. కాబట్టి నా గురువు బడిలో లేడు, మెకానిక్ షాపులో ఉన్నాడు. మేం ఉస్తాద్ అంటాం. పాతబస్తీలో పని నేర్చుకొని నల్లగొండలో షెడ్డు వేసినాయన.

మొదటి ఆరు నెలలు పానాలు తుడవడం, పంచర్లు, టీ. ఇందులో వెనక బెంచి అన్న అనుభవానికీ నాకూ తేడా ఏంటంటే, ఉస్తాద్ కూడా వంతు వచ్చినప్పుడు టీ తెచ్చేవాడు. కస్టమర్లలో కులం అడిగినవాళ్లు ఉన్నారు. ఉస్తాద్ అడగలేదు.

ఆయన దగ్గర నేర్చుకున్న అసలు సంగతి: బండి రాగానే విప్పొద్దు. స్టార్ట్ చేసి విను. ఎప్పటి నుంచి ఈ చప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడా దిగేటప్పుడా, వాన పడ్డాకా అని బండాయనను అడుగు. మేం కుర్రాళ్లం బండి కనపడగానే బోల్టులు ఊడదీసేవాళ్లం. ఆయన చేతిలోంచి పానా లాక్కొని, "ముందు అడుగు, తర్వాత చెయ్యి పెట్టు" అని కూర్చోబెట్టేవాడు. ఇంకోటి, బాగున్న సామాను మార్చి డబ్బులు తీసుకుంటే షెడ్డులోంచి పంపేసేవాడు. తీసేసిన పాత సామాను గుడ్డలో చుట్టి కస్టమర్ చేతికి ఇవ్వాలి, ఏం పాడైందో చూపించి. ఇప్పటికీ నా షాపులో అదే పద్ధతి. పక్క షాపువాళ్లు నవ్వుతారు, కానీ నా కస్టమర్లు వాళ్ల దగ్గరికి పోరు.

నాకు చదువు రాలేదన్న చిన్నతనం ఉండేది. మన ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం ఉన్నాడు కదా, చీర నేతకు ముందు దారం పోసే ఆసు యంత్రం చేసినాయన. పెద్దగా చదువుకోలేదు. చీర కోసం వాళ్లమ్మ రోజంతా చెయ్యి అటూ ఇటూ ఆడిస్తూ ఆసు పోసి భుజాలు పడిపోతున్నాయని యంత్రం చేశాడు, అమ్మ పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు అని. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ ఫొటో షెడ్డులో అంటించింది ఉస్తాదే. "చూడు, ఈయన కూడా ముందు అడిగాడు, అమ్మా ఎక్కడ నొప్పి అని" అన్నాడు.

---

వెనక బెంచి
సెప్టెంబర్ 4, రాత్రి 9:48

పానా తమ్ముడూ, మీ ఉస్తాద్ కథ నాకు నచ్చింది. నా మాట నేను వెనక్కి తీసుకోవడం లేదు. కానీ ఒకటి గమనించా. ఇక్కడ రాసిన నలుగురి గురువులూ చెప్పింది తక్కువ, అడిగింది ఎక్కువ. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు, "తెలియదా గాడిదా" అనడం తప్ప.

---

దిండి వాగు (దేవరకొండ)
సెప్టెంబర్ 5, ఉదయం 7:20

మాది తండా. ఇంట్లో గోర్‌బోలి. బడిలో తెలుగు. ఒకటో తరగతిలో టీచర్ ఏమందో రెండేళ్లదాకా అర్థం కాలేదు, మొద్దు అన్నారు. అది పక్కన పెడదాం.

6వ తరగతి నుంచి ఆడపిల్లల హాస్టల్. అక్కడి వార్డెన్ మేడం వచ్చిన మొదటి రోజు మెనూ కాగితాన్ని గోడకు అంటించింది. ఏ రోజు గుడ్డు, ఏ రోజు అరటిపండు, ఒక్కొక్కరికి బియ్యం ఎన్ని గ్రాములు, పప్పు ఎన్ని గ్రాములు. అంతకుముందు అది ఆఫీసు బీరువాలో ఉండేదట. ప్రతి నెలా నలుగురు పిల్లల కమిటీ. సామాను దిగేటప్పుడు తూకం దగ్గర నిలబడాలి, రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి. "చదవకుండా సంతకం పెడితే అన్నం తగ్గుతుంది" అనేది.

ఒకసారి పప్పు తూకంలో తేడా వచ్చింది. సంతకం పెట్టేది నేను. కాంట్రాక్టర్ మనిషి పెద్ద మీసాలతో నిలబడ్డాడు, నాకు చెమటలు. మేడం వెనక నిలబడి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నన్నే చెప్పనిచ్చింది. "తక్కువుంది, పెట్టను" అన్నాను. తెలుగులో నేను గట్టిగా అన్న మొదటి మాట అదే కావచ్చు. మిగతా పప్పు సాయంత్రానికి వచ్చింది.

అంతదాకా హాస్టల్ అన్నం అంటే సర్కారు పెట్టే ధర్మం అనుకునేవాళ్లం. ధర్మం తినేవాడు తూకం అడగడు కదా.

మేడం మా భాష కూడా కొంచెం నేర్చుకుంది. తప్పులు మాట్లాడితే మేం పగలబడి నవ్వేవాళ్లం, ఆమె నవ్వనిచ్చేది. ఇప్పుడు నేను స్టాఫ్ నర్సుని. తండాల నుంచి ముసలమ్మలు వస్తే మొదట గోర్‌బోలిలోనే పలకరిస్తా.

సెప్టెంబర్ 5 సరే గానీ, మన రాష్ట్రంలో ఇప్పుడు జనవరి 3, సావిత్రీబాయి ఫూలే జయంతిని మహిళా ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుతున్నారు. నేను ఆ రోజే మేడంకి ఫోన్ చేస్తా.

---

కొత్త టీచరు (జోగులాంబ గద్వాల జిల్లా)
సెప్టెంబర్ 5, రాత్రి 10:15

ఈ రోజు పిల్లలు ఇచ్చిన చేమంతులు ఇంకా బ్యాగులోనే ఉన్నాయి. పొద్దుటి నుంచి ఈ చర్చ చదువుతూనే ఉన్నా. చదివేకొద్దీ టెన్షన్ పెరిగింది.

నేను 2024 డీఎస్సీలో ఎస్జీటీగా (సెకండరీ గ్రేడ్ టీచర్) వచ్చాను. మొత్తం 11,062 పోస్టుల్లో నాదొకటి. అక్టోబర్ 9న ఎల్బీ స్టేడియంలో కాగితం తీసుకున్నప్పుడు నేనూ మీ సోషల్ సారులా ఉండాలనే అనుకున్నా. నాకు దొరికింది ఏకోపాధ్యాయ పాఠశాల. ఐదు తరగతులు, ఒక గది, ఒక వరండా. ఒకటో తరగతి వాళ్లతో అక్షరాలు దిద్దిస్తుంటే ఐదో తరగతి వాళ్లు కొట్టుకుంటారు. మధ్యాహ్న భోజనం లెక్క, యాప్‌లో హాజరు, చదవడం, లెక్కలు నేర్పే తొలిమెట్టు కార్యక్రమం రికార్డులు, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగ్. నేను సెలవు పెడితే బడి మూతే. ఎవరి చూపు మార్చేది?

అసలు బాధ వేరే. మా దగ్గర సీడ్ పత్తి, అంటే విత్తనాల కోసం వేసే పత్తి. ఇప్పుడు క్రాసింగ్ టైం. సాయంత్రం ఆడ వరసల్లో మొగ్గలు విప్పి మగ భాగం తీసేయాలి, మర్నాడు పొద్దున మగ పువ్వు పుప్పొడి అద్దాలి. మొక్క పిల్లల ఎత్తులోనే ఉంటుంది, వేళ్లు సన్నగా ఉండాలంటారు. 4, 5 తరగతుల పిల్లలు పొద్దున పది దాటాక వస్తారు, లేదా రారు. పెద్ద పిల్లలైతే నెలలకు నెలలు మాయం. ఇళ్లకు పోయి అడిగితే, "ఆర్గనైజర్ (విత్తన కంపెనీల తరఫున పంట వేయించే మధ్యవర్తి) దగ్గర అడ్వాన్సు తెచ్చుకున్నాం మేడం, విత్తనం ఫెయిలైతే ఎవరు కడతారు" అంటారు. వాళ్లను నేనేమని తిట్టాలి?

కోయిల్‌సాగర్ అన్నా, మీ సారు పుస్తకంలో గడులు పూర్తిగా రాసి పెట్టగలరా?

---

కోయిల్‌సాగర్
సెప్టెంబర్ 5, రాత్రి 10:50

మేడం, పైన రాసినవే దాదాపు అన్నీ. కానీ మీ దగ్గర ఉన్నది ఐదో తరగతి దాకా. వలస పుస్తకం నింపినప్పుడు మేం 9వ తరగతి. చిన్న పిల్లలతో అప్పు, వడ్డీ వద్దే వద్దు. మా సారే తర్వాత తీసేశారు కదా.

హాజరు ఒక్కటీ రాయించండి. ఏ పూట వచ్చారు, రానిరోజు ఏం పని. కారణం గడిలో పిల్లలే బొమ్మ వేయొచ్చు, పువ్వు, మేక, చెల్లి, జ్వరం. నెల తర్వాత వాళ్లతోనే కూడించండి.

---

వెనక బెంచి
సెప్టెంబర్ 5, రాత్రి 11:05

మేడం, ఒక్కమాట. ఆ పుస్తకం హాజరు రిజిస్టర్ పక్కన పెట్టకండి, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు దాన్ని చూసి పిల్లల ఇళ్ల మీద పడొచ్చు. ఆలస్యంగా వచ్చిన పిల్లాడిని గుమ్మం దగ్గర నిలబెట్టొద్దు. పొద్దున్నే పుప్పొడి అద్ది వచ్చినవాడికి మళ్లీ శిక్ష ఎందుకు? నన్ను ఎన్నిసార్లు నిలబెట్టారో.

---

బోరింగు నీళ్లు
సెప్టెంబర్ 6, ఉదయం 6:40

చేతులు కడిగించండి తల్లీ, లోపలికి రాగానే, సబ్బుతో. సీడ్ పత్తికి మందులు బాగా కొడతారు. ఆ చేతులతోనే మధ్యాహ్నం అన్నం తింటారు. తలనొప్పి, వాంతులు, కళ్ల మంట అనే పిల్లలుంటే మీ పుస్తకంలో దానికీ ఒక గడి పెట్టండి, ఏ రోజు మందు కొట్టారో పక్కన రాయండి. పీహెచ్‌సీ డాక్టర్‌కి చూపించడానికి ఆ కాగితం పనికొస్తుంది.

---

దిండి వాగు
సెప్టెంబర్ 6, ఉదయం 7:15

అక్క చెప్పింది నిజం. పీహెచ్‌సీకి ఖాళీ చేతులతో పోతే "అన్ని ఊళ్లలో అంతే" అంటారు. తేదీలతో పోతే వింటారు, నేను ఆ బల్లకు అటువైపు కూర్చున్నదాన్ని కాబట్టి చెప్తున్నా. గుడ్డు పెట్టే రోజు హాజరు ఎక్కువ ఉంటుందేమో కూడా చూడండి. మా హాస్టల్‌లో ఉండేది.

---

కొత్త టీచరు
సెప్టెంబర్ 6, మధ్యాహ్నం 3:30

అందరికీ థ్యాంక్స్. సోమవారం కాంప్లెక్స్ మీటింగ్, మంగళవారం మొదలుపెడతా. పొడవు నోటుబుక్కు కొన్నా. చేతుల గడి, గుడ్డు గడి రెండూ పెడుతున్నా. ఐదో తరగతిలో ఒక అమ్మాయి లెక్కల్లో చురుకు, కూడే పని ఆమెది.

పానా అన్నా, మీకొక పని. బడి బోరింగు హ్యాండిల్ రెండు నెలలుగా కొట్టుకుంటోంది, నీళ్లు సగమే వస్తున్నాయి. చేతులు కడిగించాలంటే ముందు అది బాగవ్వాలి.

---

12 నంబర్ పానా
సెప్టెంబర్ 6, సాయంత్రం 5:02

మేడం, చప్పుడు పైకి లేపేటప్పుడా, కిందికి నొక్కేటప్పుడా? ఒక వీడియో తీసి పెట్టండి, సౌండ్ ఆన్‌లో.